తాతయ్య పెట్టెలో దొరికిన నోట్లు ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది అంబాజీపేట దగ్గర ఊరు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. మా తాతయ్య (నాన్నగారి నాన్న) పోయి ఏడాది కావస్తోంది, వచ్చే నెలలో సంవత్సరీకాలు. ఆ రోజు భోజనాలకి వచ్చినవాళ్లందరికీ తాతయ్య మీద చిన్న పుస్తకం వేసి ఇద్దామని నా కోరిక, చిన్నప్పుడు నన్ను పెంచింది ఆయనే. కానీ రాయడానికి కూర్చుంటే చాలా మంచివారు, నీతిగా బతికారు, అందరికీ సాయం చేశారు, ఈ మూడు ముక్కల తర్వాత చెయ్యి ఆడట్లేదు. ఈలోగా ఆయన ట్రంకు పెట్టె తీస్తే ఒక పద్దు పుస్తకం, ఒక కట్ట ప్రామిసరీ నోట్లు దొరికాయి. బాగా పాతవాటి వెనకాల చెల్లులు రాయించి ఉన్నాయి. కానీ ఎక్కువ నోట్లు 96 నవంబరు నుంచి 97 ఎండాకాలం లోపు రాసినవి, వాటి వెనకాల ఏమీ లేదు. రెండువేలు, మూడువేలు, ఒకటి మాత్రం పదివేలు. పద్దు పుస్తకంలో కొన్ని పేర్ల ఎదురుగా 'ముట్టినది' అని ఉంది గానీ ఎంత అనేది రాయలేదు. వడ్డీతో లెక్కేస్తే లక్షలవుతాయి, వాళ్లలో కొందరు ఇప్పుడు బాగా ఉన్నవాళ్లే, అడుగుదాం అంటాడు బాబాయ్. నాన్న మాట్లాడరు. అమెరికాలో ఉన్న అత్త కొడుకు ఊరి సెంటర్లో తాతయ్య విగ్రహం పెడదాం, ఖర్చు నాది అంటున్నాడు. నాకేమో ఆ నోట్లన్నీ కాల్చేస్తే తాతయ్య ఆత్మ సంతోషిస్తుంది అనిపిస్తోంది. మామ్మ మాత్రం ఏమీ అనట్లేదు, వింటూ కూర్చుంటుంది. ఏం చేయమంటారు?
(ఒక మనవరాలు, హైదరాబాద్)

సమాధానం:

అమ్మా, నా మనవరాలి వయసుదానివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. మాదీ గోదావరి అవతలి ఒడ్డే, పాలకొల్లు వైపు, అందుకని నువ్వు రాసిన వాటిల్లో సగం నాకు కళ్లకి కట్టినట్టే ఉంది.

ముందు ఆ విగ్రహం సంగతి తేల్చేద్దాం, అది తొందరగా అయిపోతుంది. రోడ్ల మీద, కూడళ్లలో విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీం కోర్టు 2013 జనవరిలోనే చెప్పింది. చెప్పినా మన సెంటర్లలో దిమ్మలు లేస్తూనే ఉన్నాయి అనుకో, అది వేరే కథ. మీ అత్త కొడుకుది మంచి మనసే, దూరాన ఉన్నవాడికి తాతయ్య కోసం ఏదో ఒకటి చేయాలని ఉంటుంది కదా, ఆ డబ్బుకి పని నేను కింద చెప్తాను. కానీ రోజూ పంచె పైకి కట్టుకుని బోదె (పొలాలకి నీళ్లెళ్లే చిన్న కాలవ) గట్టు మీద తిరిగిన మనిషిని తీసుకెళ్లి సెంటర్లో బంగారు రంగు పూసి నిలబెట్టి, జయంతికి వర్ధంతికి దండేసి మిగతా రోజులు కాకులకి వదిలేయడం ఎందుకమ్మా. మన డెల్టాలో ఊరూరా కాటన్ దొర విగ్రహాలు ఉన్నాయి నిజమే. ఆయన 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు, ఆ నీళ్లు ఇప్పటికీ మన పొలంలోకి వస్తున్నాయి, విగ్రహం లేకపోయినా ఆయన్ని మర్చిపోయేవాడు ఇక్కడ ఎవడూ లేడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నీకు మూడు ముక్కల దగ్గర చెయ్యి ఆగిపోయింది అంటే నీకు రాయడం రాక కాదు. మంచివారు, నీతిపరులు అనే మాటలు ఏ తాతకైనా సరిపోతాయి, ఏ దినపత్రిక శ్రద్ధాంజలిలో చూసినా అవే ఉంటాయి, ఫోటో మారుతుంది అంతే. డొక్కా సీతమ్మగారిని తీసుకో, మీ పక్క లంకల గన్నవరం మనిషే, ఆవిడ పోయింది 1909లో. ఆవిడ ఎవరికి ఏం నీతులు చెప్పిందో మనలో ఒక్కరికీ తెలీదు, అర్ధరాత్రి వచ్చినా పొయ్యి రాజేసి అన్నం పెట్టిందని మాత్రం కోనసీమలో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. మీ తాతయ్య విషయంలో కూడా నువ్వు వెతకాల్సింది ఆయన ఏం చేసేవాడు అన్నది. అది నీ దగ్గరే ఉంది తల్లీ, నువ్వే రాసి పంపావు, గమనించుకోలేదు.

ఆ నోట్లు మళ్లీ ఒకసారి చూడు. పాతవాటి వెనకాల చెల్లులు ఉన్నాయి అన్నావు. చెల్లు ఎందుకు రాయించుకుంటారో నీ వయసు వాళ్లకి తెలియకపోవచ్చు. ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడిస్తే దానికి కాలదోషం పడుతుంది, కోర్టులో దావా నిలవదు. ఆ మూడేళ్లు అయ్యేలోపు బాకీదారుడు ఎంతో కొంత కట్టి, ఫలానా రోజున ఇంత చెల్లు అని నోటు వెనకాల తన చేత్తో రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది. వందో యాభయ్యో, ఎంతైనా చాలు. అప్పులిచ్చే వాళ్లందరికీ ఇది చేతి వేళ్ల మీద ఉంటుంది, గడువు దగ్గరపడుతుంటే పొద్దున్నే పెన్ను జేబులో పెట్టుకుని వీధి అరుగు మీదకి వచ్చి కూర్చుంటారు. మీ తాతయ్యకీ తెలుసు, పాత నోట్లు ఆ సాక్ష్యం చెబుతున్నాయి. అంటే ఆయన లెక్కలు తెలియని అమాయకుడూ కాదు, మర్చిపోయే మనిషీ కాదు.

మరి 96 నవంబరు తర్వాత ఏమైంది? నువ్వు అప్పటికి పుట్టి ఉండవు. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళికి నాలుగు రోజుల ముందు, తుఫాను కోనసీమ మీద పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతకొచ్చిన చేలు నేలకి అంటుకుపోయాయి, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోయాయి. తెల్లారి చూస్తే తోటలోంచి అవతలి ఊరి గుడి గోపురం కనపడుతోందిట, మధ్యలో చెట్టన్నది లేక. వరి పోతే ఎలాగో దాళ్వా, అదే రెండో పంట, వేసుకుంటారు, ఆర్నెల్లలో కాస్త తేరుకుంటారు. కొబ్బరి అలా కాదే. దేశవాళీ మొక్క వేస్తే ఆరేడేళ్లకి గానీ కాపు అందదు. అంటే 97 వానాకాలంలో మొక్క పెట్టినవాడికి మళ్లీ కాయలు దింపిన డబ్బులు కళ్లపడేది 2003లోనో 2004లోనో.

ఇప్పుడు నువ్వే లెక్కెయ్యి. 96 నవంబరులో రాసిన నోటుకి 99 నవంబరుకల్లా గడువు అయిపోతుంది, 97 ఎండాకాలంలో రాసినదానికి 2000 ఎండాకాలంకల్లా. అప్పటికి వాళ్ల తోటల్లో ఒక్క కొత్త చెట్టూ గెల వేసి ఉండదు. చెల్లు రాయించుకోవాలి అంటే మీ తాతయ్య 99లో వాళ్ల గుమ్మం ఎక్కి, ఏరా వందైనా కట్టు, సంతకం పెట్టు అనాలి. ఆయన వెళ్లలేదు. ఒకరి దగ్గరికి వెళ్లలేదంటే మొహమాటం అనుకోవచ్చు, ఇద్దరి దగ్గరికి వెళ్లలేదంటే తీరిక లేదు అనుకోవచ్చు, తుఫాను తర్వాత రాసిన నోట్లలో ఒక్కదాని వెనకాల కూడా గీత లేదు అంటున్నావు కదా, అది ఆయన కూర్చుని ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం అని నా నమ్మకం. తెలిసి తెలిసి గడువు దాటనిచ్చాడు. ఇచ్చినరోజు మాత్రం నోటు రాయించుకున్నాడు, ఎందుకంటే ఊరికే చేతిలో పెడితే తీసుకునేవాడికి తల కొట్టేసినట్టు ఉంటుంది, నోటు రాస్తే అప్పు తెచ్చుకున్నాం అని తలెత్తుకుని వెళ్తాడు. ఇంతకన్నా నీకు పుస్తకానికి ఇంకేం కావాలే?

అయితే అప్పుడే దేవుణ్ణి చేసేయకు. నాకు ఇక్కడ ఒక సందేహం ఉంది, అది తేలకుండా నువ్వు ఒక్క పేజీ కూడా రాయొద్దు. తుఫాను మీ తోటని మాత్రం వదిలిపెట్టదు కదా, మీ చెట్లూ పడే ఉంటాయి, మీ చేనూ పడుకునే ఉంటుంది, మరి ఆ ఎండాకాలం దాకా ఇంతమందికి రెండువేలు మూడువేలు చొప్పున పంచడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకాయనకి పదివేలు కూడానట, ఆ రోజుల్లో పదివేలంటే మాటలు కాదు. బ్యాంకులో ఉందా? పొలం ఏదైనా అమ్మారా? లేకపోతే మామ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయా?

నీ ఉత్తరం అంతట్లో నా కన్ను ఆగింది చివరి ముక్క దగ్గర, మామ్మ ఏమీ అనట్లేదు అని. మగాడు ఊరికి సాయం చేస్తే పేరు ఆయనకి వస్తుంది, ఆ ఏడాది పండక్కి పిల్లలకి కొత్త బట్టలు లేకుండా సర్దింది ఎవరో, బంధువుల పెళ్లికి బోసి మెడతో వెళ్లి పక్కన కూర్చున్నవాళ్ల చూపులు భరించింది ఎవరో, అది పద్దు పుస్తకంలోకి ఎక్కదు. మీ ఇంట్లో అలాగే జరిగిందని నేను అనట్లేదు, నాకేం తెలుసు. అడగమంటున్నాను అంతే. ఇంతవరకూ ఆవిడని ఎవరూ అడిగినట్టు లేదు, అందరూ ఆవిడ ముందు కూర్చుని ఆవిడ డబ్బు గురించి మాట్లాడేసుకుంటున్నారు.

ఆవిడ డబ్బు అని ఊరికే అనలేదు. వీలునామా లేకుండా పోతే ఆయన ఆస్తి, ఆయనకి రావాల్సిన బాకీలతో సహా, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమానంగా వస్తుంది. అంటే మామ్మ, నాన్న, బాబాయ్, మీ అత్త, ఇంకెవరైనా అత్తలుంటే వాళ్లు. కాబట్టి బాబాయ్ ఒక్కడూ వెళ్లి వసూలు చేయడానికి లేదు, నువ్వు ఒక్కదానివీ కాల్చడానికీ లేదు. నీకు కోపం రావచ్చు గానీ మనవరాలికి ఆ కాగితాల మీద హక్కు లేదమ్మా, ప్రేమ ఉంది. ఇంకోటి, చనిపోయిన మనిషి బాకీ కోర్టు ద్వారా రాబట్టాలంటే సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులు వీళ్లే అని కోర్టు ఇచ్చే కాగితం, తెచ్చుకోవాలి, తెచ్చినా ఇరవై ఏళ్ల కిందట కాలదోషం పట్టిన నోటు మీద దావా నిలవదు. బాబాయ్‌కి ఈ ముక్క గట్టిగా కాకుండా, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పు. ఆయన్ని దుర్మార్గుడిగా చూడకు. ఆ 97లో కుర్రాడై ఉంటాడు, ఇంట్లో డబ్బు లేక చదువో ఇంకోటో ఆగిపోయి ఉంటే, ఊళ్లో వాళ్లకి పెట్టాడు నాకు పెట్టలేదు అనే ముల్లు ఇన్నేళ్లూ లోపల ఉండిపోయిందేమో, వడ్డీ లెక్క కడుతున్నది ఆ ముల్లేనేమో. అదీ ఒకసారి విను.

నన్నడిగితే నోట్లు కాల్చొద్దు. కాల్చేస్తే ఆయన చేసినదానికి ఉన్న ఒకే ఒక్క రుజువు పోతుంది, పైగా నలుగురి ముందు కాలిస్తే, చూశారా మేం మీ అప్పులు మాఫీ చేశాం అని చాటింపు వేసినట్టే, ఆయన పాతికేళ్లు గుట్టుగా ఉంచినదాన్ని మనం ఒక పూటలో బజారున పెట్టినట్టు అవుతుంది. అడ్డంగా ఒక గీత కొట్టి, పెద్దవాళ్లందరూ ఒప్పుకుంటే మామ్మ చేత కొట్టించి, కట్ట కట్టి పెట్టెలోనే పెట్టండి. ఎవరైనా వాళ్లంతట వాళ్లు వచ్చి, మీ తాతగారికి ఇవ్వాల్సింది ఉండిపోయిందండీ అని ఇవ్వబోతే మాత్రం వద్దనకండి, గోదావరి జిల్లా వాళ్లకి పౌరుషం ఎక్కువ, వద్దంటే అవమానం అనుకుంటారు. అసలు మటుకు తీసుకుని వడ్డీ వద్దనండి, వచ్చింది ఆ అత్త కొడుకు విగ్రహం డబ్బుతో కలిపి శివారు పొలాలకి నీళ్లెళ్లే బోదె పూడిక తీయించండి. లేదూ మీ ఊరి బడికి ఏది తక్కువైతే అది.

ఆ 'ముట్టినది' అని రాసి అంకె వేయని పేర్లు ఉన్నాయి చూశావా, వాటి మీద నాకు చాలా ఆశ ఉంది. రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, పైసా ముట్టకపోయినా రేపు పిల్లలు అడగకుండా ఆయనే పద్దు మూసేసి ఉండొచ్చు. రెండోది, డబ్బుగా కాకుండా ఇంకోలా ముట్టి ఉండొచ్చు, పడిపోయిన చెట్లు కోసి పెట్టారనో, కొత్త మొక్కలకి గోతులు తవ్వారనో, మీ ఇంట్లో పెళ్లికి పది రోజులు పని చేశారనో. అలాంటివి అంకెల్లో వేయడానికి ఆయనకి చెయ్యి రాలేదేమో. ఏది నిజమో ఆ పేర్లలో బతికున్నవాళ్లకి తెలుస్తుంది.

వాళ్ల దగ్గరికి వెళ్లు. కానీ మా తాతయ్య ఎలాంటివారు అని అడగొద్దు, అలా అడిగితే ఆయ్, ధర్మరాజండీ బాబూ, అలాంటోళ్లు ఇక పుట్టరండీ అంటారు, నువ్వు మళ్లీ మొదటికే వస్తావు. తుఫాను రాత్రి మీరెక్కడున్నారు అని మొదలుపెట్టు. మన వైపు ఆ వయసు వాళ్లెవరినైనా ఆ ఒక్క మాట అడిగి చూడు, ఇక ఆపడం నీ వల్ల కాదు, ఏ గోడ పడింది, గేదెల్ని ఎలా విప్పారు, తెల్లారి ఎవరింట్లో గంజి తాగారు, అన్నీ వస్తాయి, ఆ వరసలో మీ తాతయ్య ఎక్కడో ఒకచోట తప్పకుండా నడుచుకుంటూ వస్తారు. ఎలా వచ్చారు, చేతిలో ఏముంది, ఏమన్నారు, ఉన్నది ఉన్నట్టు రాసుకో. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానండీ అని ముందే చెప్పి పెట్టు, చాటుగా వద్దు.

తోటలో చెట్లెక్కి కాయలు దింపే ఆయన్ని వదలొద్దు. మీ తోటకి ఏళ్లుగా ఎక్కినవాడు ఎవరో ఉంటాడు కదా, ఇప్పుడు మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చుని ఉంటాడు. దింపు రోజున మీ తాతయ్య ఏం చేసేవారో అతనికి తెలిసినట్టు మీ నాన్నకి కూడా తెలీదు. కూలి కాయలు లెక్కపెట్టాక ఇచ్చేవారా, ముందే ఇచ్చేవారా, రాలిన కమ్మలు, డొక్కలు పొయ్యిలోకి ఏరుకోడానికి వచ్చినవాళ్లని తరిమేవారా లేక అటు తిరిగి నిలబడేవారా, వానకి తడిసిన చెట్టు ఎక్కమనేవారా వద్దనేవారా. అలాగే శివారు రైతు ఎవరినైనా అడుగు, దాళ్వాలో నీళ్లకి వంతులు పెట్టినప్పుడు తన వంతు అవగానే తూము మూసేవారా, చీకటి పడ్డాక మళ్లీ తీసేవారా. మా వైపు పగలు పెద్దమనుషులైన వాళ్లు రాత్రిళ్లు పార భుజాన వేసుకుని తిరగడం నేను చాలా చూశాను, అందుకని నా దృష్టిలో మనిషి నిజాయితీకి తూము దగ్గర పరీక్షను మించింది లేదు. మీ తాతయ్య అందులో ఫెయిలయ్యారని తేలినా నష్టం లేదు, అదీ రాయి. ఆయనకీ కోపం ఉండేది, పట్టుదలలు ఉండేవి, ఎవరితోనో పదేళ్లు మాట్లాడకుండా కూర్చుని ఉంటారు. అవి తీసేసి రాస్తే చదివినవాళ్లు పుస్తకం మూసి ఫోటో బాగుంది అంటారు.

ఒక్కటి మాత్రం తప్పనిసరి, అప్పు తీసుకున్నవాళ్ల పేర్లు పుస్తకంలో వద్దు. అంకెలూ వద్దు. ఊళ్లో చిన్న గుర్తు ఇచ్చినా పట్టేస్తారు, పదివేల నోటు ఆయన ఎవరో అయితే మరీ. వాళ్ల మనవలు ఆ భోజనాలకి వచ్చి పక్క వరసలోనే కూర్చుంటారు అని గుర్తు పెట్టుకుని రాయి. తేదీల సంగతి, గడువు దాటనిచ్చిన సంగతి చాలు, అది కూడా మామ్మ సరే అంటేనే. ఆవిడ వద్దంటే అది ఇంట్లో మాటగా ఉంచి తూము సంగతి, దింపు సంగతి రాసుకో, పుస్తకానికి లోటేమీ ఉండదు.

ఇక టైము. నెలే ఉంది అన్నావు, నెలలో ఇదంతా అవ్వదు, హడావిడిగా చేస్తే మళ్లీ ఆ మూడు ముక్కలే అచ్చవుతాయి. సంవత్సరీకాల రోజుకి పుస్తకం పెట్టుకోవద్దు, ఆ రోజు ఎటూ పాతవాళ్లందరూ ఒకచోటికి వస్తారు కాబట్టి దాన్ని కబుర్లు పోగేసుకునే రోజుగా వాడుకో. వడ్డనలు అయ్యాక ముసలాళ్లు అరుగు మీదో వేపచెట్టు కిందో చేరతారు చూడు, అప్పుడు వెళ్లి మధ్యలో కూర్చో. పుస్తకం వచ్చే సంక్రాంతికి వేసుకోవచ్చు, కనుమకి ఊళ్లో ప్రభలు చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లూ వస్తారు, పంచడానికీ వీలు. ఈలోగా ఆ పద్దు పుస్తకం పేజీ పేజీ పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసి పెట్టు, నోట్లు రెండు వైపులా తియ్యి, ఖాళీగా ఉన్న వెనక వైపు కూడా, మర్చిపోకు. ఆ సిరా ఇంకో పదేళ్లు ఆగదు, మన గాలికి చెమ్మ ఎక్కువ.

మామ్మతో మాత్రం ఈ ఆదివారమే మాట్లాడు. ఫోన్లో కాదు, బస్సెక్కి వెళ్లు. నాన్న, బాబాయ్ ఇంట్లో లేని పూట చూసుకుని, కూర తరుగుతూనో బియ్యం ఏరుతూనో అడుగు, ఎదురుగా కూర్చుని అడిగితే ఆ తరం వాళ్లు చెప్పరు. ఏం చెప్పిందో నాకు రాయి, రాయొద్దు అంటే రాయకు. పుస్తకం వేశాక మాత్రం నాకో కాపీ పంపాలి, పోస్టు ఖర్చు నాది.